ఇద్దరు యజమానుల కండరం

కోరుట్ల,
17 జనవరి 1998, శనివారం

అల్లుడు సంజీవ్‌కు,

దేవుడు నీకు రెండు కాళ్లు ఎందుకిచ్చాడో ఎప్పుడైనా ఆలోచించావా? క్యాంపులో మంచం మీద చాపుకొని పెట్టడానికే అయితే ఒక్కటి సరిపోయేది కదా?

నువ్వు ఎనిమిదో తారీకున రాసిన ఉత్తరం ఈ రోజే అందింది. మంగళవారం నాడు లారీ మీది నుంచి టైల్స్ దించుతుంటే తడి పలక మీద కాలు జారిందనీ, ఎడమ కాలు ముందుకు పోయి నువ్వు వెనకనే ఉండిపోయావనీ, తొడ వెనుక "టప్" మని చప్పుడైందనీ, రెండు రోజులుగా పనికి పోలేదనీ, కంపెనీ క్లినిక్‌లో బామ్ డబ్బా ఇచ్చి పంపారనీ రాశావు. చివర నా కోసం ప్రార్థన చెయ్యి మామా అని కూడా రాశావు. చేశాను. నీ కాలి కోసం కాదు, నీ బద్ధకం కోసం.

నీకు ఇరవై నాలుగేళ్లు. ఇక్కడ వాన మొహం చాటేసి ఇది మూడో ఏడు. రాయికల్‌లో ఆడవాళ్లు పొద్దున చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే పొద్దు గూకేదాకా బీడీలు చుడుతూనే ఉన్నారు. వాళ్ల తొడలకు చప్పుడు చేసే తీరిక కూడా లేదు. షార్జాలో మాత్రం మా అల్లుడి తొడ మాట్లాడుతోంది. యాకోబును చూడు. దేవదూతతో కుస్తీ పట్టి తుంటి వదులైపోయినా కుంటుకుంటూ తన దారిన తాను పోయాడే కానీ, సూపర్‌వైజరును సెలవు అడిగినట్టు వాక్యంలో ఎక్కడా లేదు.

తిట్టడమే కాదు, మందు కూడా చెప్తాను. నేను ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ని. తల కంటే ముందు నా పాదాలు ఈ లోకంలోకి వచ్చాయి. అందుకే నడుము పట్టినా, తొడ పట్టినా ఈ చుట్టుపక్కల జనం నా ఎడమ కాలితో తొక్కించుకోవడానికి వస్తారు. పాస్టరు అయ్యగారు దీన్ని మూఢనమ్మకం అంటారు. నేను కూడా మూఢనమ్మకాలకు బద్ధ శత్రువునే, ఆదివారం ఆదివారం నా ప్రసంగంలో వాటిని ఉతికి ఆరేస్తాను. కానీ నేను ప్రార్థన చేసి తొక్కుతాను, కాబట్టి ఇది వేరు. మొన్న రాయికల్ కిష్టవ్వను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. మూడుసార్లు తొక్కాను. లేచి నడిచి పోయింది. అప్పటికే ఆటో వెళ్లిపోయింది కాబట్టి నడిచిందని మా సరిత అంటుంది. జగిత్యాల దవాఖానలో నర్సు పని నేర్చుకుంటున్నప్పటి నుంచి నా బిడ్డకు కన్నతండ్రి మీద విశ్వాసం తగ్గింది.

మీ క్యాంపులో నాలుగు వందల మంది ఉన్నారన్నావు. అంత మందిలో ఎదురుకాళ్లవాడు ఒక్కడూ లేడా? వెతుకు. తొడకు నూనె రాయించుకొని బోర్లా పడుకో. శుక్రవారం సెలవు నాడు ఎడమ కాలితో మూడుసార్లు గట్టిగా తొక్కించు. అలా మూడు శుక్రవారాలు. నాలుగో శుక్రవారానికి నువ్వు లేడిపిల్లవు.

నిన్ను కన్న మా భూమక్కకు చదువు రాదు కదా, నీ ఉత్తరం ఎప్పటిలాగే నేనే చదివి వినిపించాను. కాలి సంగతి వచ్చినచోట దాటవేసి, ఆ జాగాలో నువ్వు కొత్త చెప్పులు కొనుక్కున్నావని చదివాను. చాలా సంతోషపడింది.

నువ్వు మంచం దిగిన కబురు కోసం చూస్తున్న మామ,
సామేలు


కోరుట్ల,
26 జనవరి 1998, సోమవారం

అల్లుడికి,

నీ జవాబు ఇంకా రాలేదు. తొడకూ రాసే చేతికీ ఏదో సంబంధం ఉన్నట్టుంది. ఆగలేక నేనే మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే ఈ రెండు రోజుల్లో నేను డాక్టరునయ్యాను.

జెండా పండుగ సెలవుకు సరిత ఇంటికొస్తూ తన పుస్తకం వెంట తెచ్చుకుంది. మనిషి లోపలి ఎముకలూ కండలూ బొమ్మలు వేసిన పుస్తకం. ఏడో తరగతిలో బడి మానేసి, వాక్యమంతా ఎవరి సాయం లేకుండా చదువుకున్నవాణ్ని, ఒక తొడను చదవలేనా? అర్థం కాని ఇంగ్లీషు ముక్కలు సరిత విప్పి చెప్పింది, మిగతాది నేను చూసుకున్నాను.

నువ్వు గట్టి నేల మీద కూర్చుంటే పిరుదు కింద ఒక ఎముక ఆనుతుంది చూడు, అక్కడ మొదలవుతాయి. మూడు కండరాలు. ముగ్గురు అన్నదమ్ములనుకో. తొడ వెనుక నుంచి దిగి, మోకాలు దాటి, కింది ఎముకకు పోయి కట్టుకుంటాయి. ఇద్దరు లోపలి పక్కకు, ఒకడు బయటి పక్కకు. ఇంటిపేరు హ్యామ్‌స్ట్రింగ్. సొంత పేర్లు సెమిటెండినోసస్, సెమిమెంబ్రనోసస్, బైసెప్స్ ఫెమోరిస్. మొదటి ఇద్దరూ కోరుట్ల ఎండ చూసి వెనక్కి పోయిన మిషనరీ దొరల్లా, మూడో ఆయన వాళ్ల వంటవాడిలా వినిపిస్తారు.

నమ్మకం లేకపోతే స్టూలు మీద కూర్చొని, మడమను నేలకు నొక్కి వెనక్కి లాగుతూ, మోకాలి వెనుక చేయి పెట్టు. రెండు పక్కలా రెండు తాళ్లు బిగుసుకొని తగులుతాయి. అవి వాళ్ల కొసలు. నేను అంతటితో ఆగలేదు. కటికె దుకాణానికి పోయి మేక వెనుక కాలు తెచ్చి, కోసి, పుస్తకం పక్కన పెట్టి చూసుకున్నాను. మీ అత్త కూర వండుతానంటే పాఠం పూర్తయ్యేదాకా ఆగమన్నాను. సాయంత్రానికి పాఠం వాసన కొట్టింది.

వీటి పని విను. మోకాలిని వెనక్కి మడుస్తాయి. వంగిన మనిషిని తిరిగి నిలబెడతాయి. నాట్లు వేసే ఆడవాళ్లూ, టైల్స్ ఎత్తే నువ్వూ వంగి లేచేది వీటి బలంతోనే. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకోటి. నడిచేటప్పుడు కాలు ముందుకు విసురుతాం కదా, ఆ విసిరిన కాలును వెనక నుంచి పట్టి ఆపేది ఇవే. ఎద్దుకు పగ్గం లాగ. ఇవి పట్టకపోతే కాలు మన మాట వినదు.

ఇక్కడే నాకు పాపం కనిపించింది. ఏ దాసుడూ ఇద్దరు యజమానులకు ఊడిగం చేయలేడని ప్రభువు చెప్పాడా లేదా? ఈ కండరం ఆ మాట పెడచెవిన పెట్టింది. పైన తుంటికీ, కింద మోకాలికీ, రెండు కీళ్లకూ ఊడిగం చేస్తుంది. బైసెప్స్‌లో చిన్న పాయ ఒకటి తొడ ఎముక మీదనే పుట్టి మోకాలికి మాత్రమే పని చేస్తుందట. ఆ వంశం మొత్తంలో భక్తిపరుడు వాడొక్కడే. మిగిలినవాళ్ల గతి ఏమిటంటే, తుంటి వంగి, మోకాలు చాచి ఉన్నప్పుడు ఇద్దరు యజమానులూ చెరో కొసన పట్టుకొని ఒకేసారి లాగుతారు. ఒక పక్క కంపెనీ, ఇంకో పక్క ఏజెంటు లాగుతున్న నీకు ఆ నొప్పి నేను వివరించనక్కర్లేదు.

యెహోషువ శత్రువుల గుర్రాలకు వెనుక కాళ్ల నరాలు తెగగోయించింది ఊరికే కాదు. చంపకుండానే గుర్రాన్ని గుర్రం కాకుండా చేయవచ్చు. ఆ కాలంలోనే ఆయనకు ఈ పుస్తకం తెలుసు.

ఒకటే లోపం. పుస్తకంలో తొక్కడం గురించి ఒక్క ముక్క లేదు. రాసినవాళ్లంతా తలతో పుట్టినవాళ్లయి ఉంటారు.

సరిత నిన్ను మూడు ప్రశ్నలు అడగమంది. చప్పుడు నిజంగా వినబడిందా? తొడ వెనుక మోకాలి దాకా నీలంగా కమిలిందా? బోర్లా పడుకొని ఎడమ మడమను పిరుదు వైపు ఎత్తగలవా? "బావను జర నిజం రాయుమను నాయినా, నీలెక్క కతలు అల్లద్దను" అని కూడా అంది. నేను డాక్టరునైనా ఇంట్లో మర్యాద పెరగలేదు.

మీ అవ్వ, మా భూమక్క, కొత్త చెప్పులతో ఫోటో పంపమంటోంది. ఎవరివో ఒక జత తొడుక్కొని, రెండు కాళ్ల మీద నిలబడి దిగు.

మేక కాలి మీద పట్టభద్రుడు,
సామేలు


షార్జా,
31 జనవరి 1998, శనివారం

సామేలు మామకు సంజీవ్ వందనాలు.

నీ పదిహేడో తారీకు ఉత్తరం బుధవారం అందింది. యాకోబు సెలవు అడగలేదని మా సూపర్‌వైజరుకు కూడా చెప్పాను. అలాంటివాళ్లు ఇంకెవరైనా ఉంటే పంపమన్నాడు.

నీ మాట నేనెప్పుడు దాటాను? ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కుంటుకుంటూ గదిగదికీ తిరిగి అడిగాను. మా గదిలోనే ఒకాయన చేయి ఎత్తాడు. పేరు నర్సింగం. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసేవాడు, అవి ఆగిపోతే ఇక్కడికొచ్చి ఇటుకలు మోస్తున్నాడు. ఎనభై ఐదు కిలోలుంటాడు.

నిన్న శుక్రవారం సభ జరిగింది. పన్నెండు మంది పడుకునే గదిలో ముప్పై మంది చేరారు. వంటనూనె రాశారు. నర్సింగం వేములవాడ రాజన్నకు మొక్కాడు, నేను ప్రభువుకు ప్రార్థన చేశాను. రెండు వైపుల నుంచి సిఫారసు ఉంటే పని తొందరగా అవుతుందనుకున్నాం. మొదటి తొక్కుకు చుక్కలు కనిపించాయి. రెండో తొక్కుకు పరలోకం కనిపించింది. మూడోసారి లోపల మళ్లీ ఏదో తెగి జారినట్టయింది. నా అరుపుకు పక్క గదివాళ్లు కూడా వచ్చారు.

"గదే, గదే. పట్టు ఇడిసింది," అన్నాడు నర్సింగం. అందరూ చప్పట్లు కొట్టారు.

మామా, యాకోబుకు దేవదూత దొరికాడు. నాకు నర్సింగం దొరికాడు.

ఇప్పుడు ఎడమ పక్క ఆనించి కూర్చోలేను. అన్నం నిలబడి తింటున్నాను. నాది పై మంచం, చేతులతో ఎక్కుతున్నాను. ముందుకు వేసిన కాలు నేను వేసినచోట ఆగడం లేదు, దాని ఇష్టం దానిదయింది. సూపర్‌వైజరు నాకు హీరో అని పేరు పెట్టాడు. ఇంత బాగా నటించేవాణ్ని ఈ కంపెనీలో చూడలేదట. లారీ ఎక్కలేనివాణ్ని విమానం ఎక్కిస్తానంటున్నాడు. ఇంటికి రావడానికి నాకు భయం లేదు మామా. ఒక కాలు ఈడ్చుకుంటూ కోరుట్ల బస్టాండులో దిగుతుంటే అవ్వ చూస్తుంది, దానికి భయం. ఈ కాలు మంచిగ కావాలి, నాకు ఇంకేమీ వద్దు.

నర్సింగం మంచివాడు. నా స్నానం నీళ్లు కూడా ఆయనే మోస్తున్నాడు. ఇంకా రెండు శుక్రవారాలు మిగిలాయని రోజూ గుర్తు చేస్తున్నాడు. ఆరో తారీకున ఓవర్‌టైం ఉంది కాబట్టి పదమూడున తొక్కుతాడట. ఈసారి మంచం మీది నుంచి దూకి తొక్కితే గుణం బాగుంటుందని గదిలో అందరి అభిప్రాయం. మూడుసార్లు చాలా, ఏడుసార్లు కావాలా? నువ్వు ఎంత చెప్తే అంత.

కొత్త చెప్పుల ఆలోచన బాగుంది. నాకు ఇప్పుడు ఒక్కటి చాలు.

నీ మాట జవదాటని అల్లుడు,
సంజీవ్


షార్జా,
7 ఫిబ్రవరి 1998, శనివారం

మామకు,

నువ్వు డాక్టరువైన ఉత్తరం ఇప్పుడే చదివాను. ఆ మేక కాలును రెండు వారాల ముందు కోసి ఉంటే బాగుండేది.

సరితకు జవాబులు రాస్తున్నాను, నిజమే రాస్తున్నానని చెప్పు. చప్పుడు అయింది. ఇప్పటికి రెండుసార్లు. నీలం మోకాలు దాటి పిక్క దాకా దిగి, ఇప్పుడు పచ్చగా మారుతోంది. మెట్‌పల్లి పసుపు మార్కెట్టు నా కాలి మీదికి వచ్చింది. బోర్లా పడుకొని మడమ ఎత్తాను. కుడిది సలాం కొట్టినట్టు లేచింది. ఎడమది జానెడు లేచి దబ్బున పడింది. నర్సింగం చూసి, ఇంకొకసారి ఎత్తు అన్నాడు. ఇంకొకసారి జానెడు కూడా లేవలేదు.

స్టూలు మీద సగం కూర్చొని తాళ్లు కూడా వెతికాను. కుడి మోకాలి వెనుక రెండూ దొరికాయి, వీణ తీగల్లా ఉన్నాయి. ఎడమ వైపు ఎంత నొక్కినా బిగియలేదు. ఇంకో సంగతి, నువ్వు చెప్పిన కూర్చునే ఎముక కింద వేలు పెడితే గుంత తగులుతోంది. కుడి పక్క అలాంటిది లేదు. ఆ గుంతకు మీ పుస్తకంలో ఏ దొర పేరు ఉందో చూసి రాయి.

మామా, ఒక్క మాట నవ్వకుండా అడుగుతున్నాను. నువ్వు కూడా నవ్వకుండా చెప్పు. ఇది పోతదా, ఉంటదా?

అవ్వకు ఫోటో పంపుతున్నాను. చెప్పులు నర్సింగానివి. నన్ను వెనక నుంచి పట్టుకొని నిలబెట్టింది కూడా ఆయనే. ఫోటోలో ఆయన చేయి పడింది, ఆ పక్క కత్తెరతో కత్తిరించాను.

పదమూడు దగ్గర పడుతోంది. నువ్వు వద్దని రాయలేదు కాబట్టి నూనె తెచ్చి పెట్టారు.

సగం కూర్చొని రాసిన
సంజీవ్


కోరుట్ల,
11 ఫిబ్రవరి 1998, బుధవారం

సంజీవ్,

పదమూడున ఎవరినీ తొక్కనివ్వకు. ముందు ఇది చదివి, తర్వాత మిగతాది చదువు.

ఈ ఉత్తరం తపాలాలో రావడం లేదు. సెలవు అయిపోయి మీ క్యాంపుకే తిరిగి వస్తున్న మెట్‌పల్లి రాజం చేతికి ఇస్తున్నాను. ఈ పూట బొంబాయి బస్సు, రేపు విమానం, రేపు సాయంత్రానికి నీ చేతిలో ఉంటుంది. బూత్‌కు పోయి ఫోన్ కూడా చేశాను. మీ కంపెనీ ఆఫీసువాడు నా తెలుగు విన్నాడు, నేను వాడి అరబ్బీ విన్నాను, ఇద్దరం దీవించుకొని పెట్టేశాం.

నీ ముప్పై ఒకటో తారీకు ఉత్తరం నిన్న పొద్దున అందింది. నర్సింగం మూడో తొక్కు దాకా నవ్వుతూ చదివాను. ఆ తర్వాతి వరుసలో నవ్వు ఆగింది. అప్పటికప్పుడు బస్సెక్కి జగిత్యాల పోయి, సరితను తీసుకొని, ఎముకల డాక్టరు ముందు కూర్చున్నాను. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. చదివేటప్పుడు దాటవేసే అలవాటు నాకు ఉంది కదా, తొక్కమని చెప్పిన మామ ఎవరో అక్కడ చదవలేదు.

"గీ తొక్కుమన్న మొగోడు ఎవలు?" అని అడిగాడు.

సరిత నా వైపు చూసింది, అంతే.

డాక్టరు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేపి, నా మడమను స్టూలు మీద పెట్టించి, మోకాలు చాచి ముందుకు వంగమన్నాడు. పిరుదు కింద నుంచి లాగి కళ్లలో నీళ్లు వచ్చాయి. "గిప్పుడు గీడ ఎనభై కిలోలోడు నిలవడితె ఎట్లుంటది పెద్దమనిషీ?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా నరకం గురించి చెప్తున్నాను, అంత బాగా ఎవరికీ అర్థం చేయించలేకపోయాను.

ఆయన చెప్పింది దాటవేయకుండా రాస్తున్నాను. నువ్వు జారిన రోజున తుంటి వంగి, మోకాలు చాచి ఉంది. ఇద్దరు యజమానులూ ఒకేసారి లాగారు. నేను మేక కాలి ముందు కూర్చొని గొప్పగా రాసింది నీకు జరిగినదే, రాస్తూ కూడా నాకు తెలియలేదు. కండరం ఆ కూర్చునే ఎముక దగ్గర ఊడి ఉండవచ్చునట. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పనన్నాడు. ఊడితే మాత్రం బామ్‌తో అతకదు, నూనెతో అతకదు, తొక్కితే ఉన్నది కూడా పోతుంది. కాలికి పోయే పెద్ద నరం ఆ పక్కనుంచే దిగుతుందట, దాని మీద కూడా నర్సింగం నిలబడ్డాడు. ఊడిన కొస రోజురోజుకూ కిందికి ముడుచుకొని గట్టిపడుతుంది. మొదటి మూడు నాలుగు వారాల్లో అయితే లాగి ఎముకకు కుట్టడం సులువు. తర్వాత కష్టం, నెలలు గడిస్తే మరీ కష్టం. నీకు నిన్నటితో ఐదు వారాలు నిండాయి. అందులో మొదటి మూడు వారాలు నా జ్ఞానం నీ దగ్గరికి ప్రయాణం చేసింది.

బుద్ధిలేని కన్యకలు నూనె కోసం తిరిగి వచ్చేసరికి తలుపు మూశారు. నీ తలుపు ఇంకా మూయలేదని డాక్టరు అన్నాడు. మీరు తెచ్చి పెట్టుకునే నూనె దీపానికి కూడా పనికిరాదు. పారబోయండి.

ఇంటికొచ్చి అక్కను కూర్చోబెట్టాను. నీ రెండు ఉత్తరాలూ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివాను. చెప్పులు నేను తొడిగినవేనని చెప్పాను. అక్క నా పాదాల వైపు చూసి అంది.

"తమ్మీ, పుట్టంగ నీ కాళ్లు ముందుగాల అచ్చినయి. నీ బుద్ధి ఇంక తొవ్వల్నే ఉన్నది."

ఈ పొద్దున కిష్టవ్వ మళ్లీ వచ్చింది, ఇంకోసారి తొక్కమని చాప తానే పరుచుకుంది. చాప చుట్టి చంకలో పెట్టి జగిత్యాల బస్సు ఎక్కించాను. నడిచి పోలేదు, కుంటుతూనే పోయింది. మొదటిసారి కూడా అలాగే పోయిందట. నేను చూడదలచుకున్నది చూశాను.

మొన్నటి ఉత్తరంలో యెహోషువ గుర్రాల సంగతి రాశాను. ఆయన శత్రువుల గుర్రాలకు చేయించాడు. నేను మా అక్క కొడుకుకు చేయించాను. వచ్చే ఆదివారం మనం ప్రార్థనకు కూడే రేకుల షెడ్డులో నా ప్రసంగం ఇదే. ఒక్క ముక్క దాటవేయను.

ఇప్పుడు నీ పని విను. పక్షవాతం వచ్చినవాణ్ని నలుగురు మంచంతో మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించారు. వాళ్లలో ఒక్కడు కూడా ముందు తొక్కి చూద్దామనలేదు. మీ గదిలో పన్నెండు మంది ఉన్నారు. కప్పు విప్పనక్కర్లేదు, గేటు దాటిస్తే చాలు. కంపెనీ క్లినిక్ వద్దు, పెద్ద దవాఖానలో ఎముకల డాక్టరు దగ్గరికి పో. జగిత్యాల డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీ ఇందులోనే ఉంది. హీరో అని పిలిచేవాడికి ముందు అదే చూపించు. పని పోతుందంటే పోనివ్వు. కోరుట్ల బస్టాండులో నువ్వు ఎలా దిగినా మీ అవ్వ వచ్చి నిలబడుతుందట, నీకు రాయమంది. అక్కడ నాకు మాత్రం జాగా లేదంది.

నర్సింగాన్ని ఏమీ అనకు. ఆయన కాలు నేను పెట్టించిన కాలు. అంత బలం ఉన్నవాడు నీళ్లు మోసినట్టే నిన్ను కూడా మోయగలడు. ఆ పని ఆయనకు అప్పజెప్పు.

రాజం ఈ కాగితం ఏ పూట నీ చేతిలో పెడితే ఆ పూటే. జవాబు రాయడానికి కూర్చోకు, ఎలాగూ కూర్చోలేవు.

తొక్కించిన మామ,
సామేలు

సంతకం కూడా అయిపోయింది, ఇంకా ఏం చదువుతున్నావు? నర్సింగం వీపు ఎక్కు. ఇవాళే దవాఖానకు పో.